తొమ్మిది రోజులా, డెబ్బై రోజులా: విశాఖ షెల్ఫ్ నీటి మార్పిడిని కొలవడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. విశాఖపట్నం ఎదుట, షెల్ఫ్ (తీరాన్ని ఆనుకుని ఉండే లోతు తక్కువ సముద్రం) చివర 120 మీటర్ల లోతులో, ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా నీటిలో ఉన్న ఒక ఏడీసీపీ (వేర్వేరు లోతుల్లో ప్రవాహ వేగాన్ని శబ్దంతో కొలిచే పరికరం) రికార్డు మీ చేతికి వచ్చింది. తీరరేఖ ఎటు సాగుతున్నదో మ్యాపులో చూసి, దాని ప్రకారం అక్షాలు తిప్పి, తీరానికి అడ్డంగా ఉన్న వేగానికి మూడు నెలల సగటు తీస్తే సముద్రం వైపు సెకనుకు 3 సెంటీమీటర్లు వచ్చింది. పరికరం చూడగలిగిన 100 మీటర్ల మందానికి లెక్కిస్తే అంచు పొడవునా ప్రతి మీటరుకూ సెకనుకు 3 ఘనపు మీటర్లు బయటికి పోతున్నట్టు. షెల్ఫ్ వెడల్పు 40 కిలోమీటర్లు, సగటు లోతు 60 మీటర్లు అనుకుంటే అక్కడి నీరంతా తొమ్మిది రోజుల్లో ఖాళీ కావాలి. గోదావరి నీటిని, లవణీయత తేడాను పట్టుకుని 150 కిలోమీటర్ల తీరానికి ఉప్పు లెక్క వేస్తే మాత్రం 70 రోజులు వచ్చింది. ఏది నమ్మాలి, అసలు షెల్ఫ్‌కూ బయటి సముద్రానికీ మధ్య జరిగే నీటి మార్పిడిని ఎలా కొలవాలి అని అడిగారు.

రెండింటినీ నమ్మవద్దు. మొదటి లెక్క నికర ప్రవాహాన్నే మార్పిడి అనుకున్నది. ఆ నికరం కూడా అక్షాల కోణం తేడా వల్ల పుట్టినదే కావచ్చు. రెండో లెక్క వేసవిలో పారని నదిని పారుతున్నట్టు భావించింది. నేను పాతికేళ్లుగా హైదరాబాదులో, దగ్గరి తీరానికి 250 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కూర్చుని, ఇటువంటి రికార్డులతోనే పని చేస్తున్నాను. తెరమీద గీత నున్నగా కనిపించినప్పుడు దాని వెనుక పరికరం ఎలా నిలబడి ఉన్నదో మరచిపోవడం చాలా తేలిక. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్న ఖండతీరపు అంచునే పనిలో ఉన్నవాళ్లం షెల్ఫ్ అంటాం. అది తీరం నుంచి మెల్లగా దిగుతూ పోయి, సాధారణంగా 100 నుంచి 200 మీటర్ల లోతు దగ్గర ఒక్కసారిగా వాలుగా మారుతుంది. ఆ మలుపే షెల్ఫ్ బ్రేక్. మన దేశంలో షెల్ఫ్ వెడల్పు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. ముంబై ఎదుట దాదాపు 300 కిలోమీటర్లు సాగే షెల్ఫ్, ఆంధ్ర తీరంలో కొన్ని పదుల కిలోమీటర్లకే ముగుస్తుంది. ఇరుకైన షెల్ఫ్ కాబట్టి బయటి సముద్రం దానిని సులభంగా కడిగేస్తుందని అనిపిస్తుంది గాని, భూభ్రమణం దానికి అడ్డు వస్తుంది. తిరిగే గోళం మీద నెమ్మదిగా, నిలకడగా సాగే ప్రవాహం లోతు మారే దిశలో పోవడానికి ఇష్టపడదు. ఒకే లోతు ఉన్న చోట్లను కలిపే సమలోతు రేఖ వెంటే పోతుంది. టేలర్, ప్రౌడ్‌మన్‌ల పేర్లతో పిలిచే సిద్ధాంతం చెప్పేది ఇదే. కాబట్టి షెల్ఫ్ బ్రేక్ దగ్గర నీరు తీరం వెంబడి సెకనుకు 50 సెంటీమీటర్లు, ఒక్కోసారి మీటరు వేగంతో పరుగెడుతూ, తీరానికి అడ్డంగా ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకుపోయే వాహనాలన్నిటి మధ్య, ఇంటర్‌ఛేంజ్ దగ్గర దిగిపోయే కొద్దిపాటి వాటిని మాత్రమే లెక్కపెట్టమన్నట్టు ఉంటుంది ఈ పని. ఆ నీరు అడ్డంగా కదలాలంటే భూభ్రమణపు పట్టు సడలాలి: ఉపరితలాన గాలి రాపిడి, అడుగున నేల రాపిడి, సుడులు, అంతర్గత తరంగాలు, గోదావరి డెల్టా ఎదుట ఉన్నటువంటి సముద్రగర్భపు లోయలు, వీటిలో ఏదో ఒకటి పని చేయాలి.

ఇప్పుడు మీ 3 సెంటీమీటర్ల సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు తూర్పు తీర ప్రవాహం ఉత్తరాభిముఖంగా బలంగా ఉండే కాలం. మీ రికార్డులోనే తీరం వెంబడి సగటు వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు అని రాశారు. 50ని మూడున్నర డిగ్రీల సైన్‌తో గుణించి చూడండి: 3.05 వస్తుంది. అంటే మీ అక్షం నిజమైన సమలోతు రేఖ దిశకు మూడున్నర డిగ్రీలు పక్కకు ఉంటే చాలు, అడ్డంగా ఒక్క చుక్క కదలకపోయినా మీ జవాబు అంతా పుట్టుకొస్తుంది. మీరు తీరరేఖ దిశను వాడారు. తీరరేఖ వేరు, 40 కిలోమీటర్ల అవతల ఉన్న 120 మీటర్ల సమలోతు రేఖ వేరు. అవి రెండూ అయిదారు డిగ్రీలు తేడాగా సాగడం సర్వసాధారణం. సమలోతు రేఖనే తీసుకున్నా, ఏ నిడివి మీద సగటు దిశ చూడాలన్నది మరో ప్రశ్న. కిలోమీటరు నిడివి మీద అది వంకరటింకరగా ఉంటుంది, ప్రవాహం ఆ వంకరలన్నిటినీ పట్టించుకోదు. నేనయితే 10 నుంచి 20 కిలోమీటర్ల మీద నున్నగా చేసిన లోతుల పటాన్ని వాడతాను, ఆపైన జవాబును ఒకే కోణానికి కాక అటూ ఇటూ 5 డిగ్రీల దాకా ప్రతి డిగ్రీకీ లెక్కించి పట్టికగా ఇస్తాను. ఆ పట్టికలో గుర్తు మారిపోతే, అంటే బయటికి పోయే నీరు లోపలికి వచ్చేదిగా కనిపిస్తే, ఆ సగటును గురించి ఏమీ చెప్పకూడదు.

వేగపు చెదురు, అంటే సగటు నుంచి అటూ ఇటూ మారడం, ఏ దిశలో ఎక్కువగా ఉన్నదో చూసి దానినే తీరం వెంబడి అక్షంగా తీసుకునే ప్రధానాక్ష పద్ధతి ఒకటి ఉంది. చాలా వ్యాసాలలో కనిపిస్తుంది. అందులో ఒక చిక్కు ఉంది. లోతు మారితే ఆ అక్షం కూడా తిరుగుతుంది, పైగా సగటు ప్రవాహం దిశతోనే అక్షాన్ని కట్టేస్తే అడ్డ వేగం సగటు దానంతట అదే సున్నా అవుతుంది. జవాబును మనమే ముందుగా రాసి పెట్టుకున్నట్టవుతుంది.

కోణం తప్పు అక్షాల దగ్గరే పుట్టాలని లేదు, పరికరం లోపలి దిక్సూచిలోనూ పుడుతుంది. చాలా ఏళ్ల క్రితం మా బృందంలో ఇది జరిగింది. ఏడీసీపీ దిక్సూచిని ఇనుము దరిదాపుల్లో లేని మైదానంలో, చెక్క బల్ల మీద, పరికరాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ సరిచూశాం. లోపం ఒక డిగ్రీ లోపే ఉంది. పెట్టె మూసి విశాఖ పంపాం. ఓడ ఎక్కించే ముందు రోజు బ్యాటరీ వోల్టేజి తక్కువగా ఉందని కొత్త బ్యాటరీ ప్యాక్ వేశారు. ఆ ప్యాక్‌కు కూడా అయస్కాంత ప్రభావం ఉంటుంది, మార్చిన ప్రతిసారీ దిక్సూచిని మళ్లీ సరిచూడాలి; ఆ రోజు వేళ మించిపోవడంతో ఎవరూ చూడలేదు. ఆరు నెలల రికార్డు బయటికి తీశాక అడ్డ ప్రవాహం ఎంతో అందంగా, బలంగా కనిపించింది. నేనే దాని మీద రెండు వారాలు కూర్చుని కారణాలు అల్లాను. చివరికి పట్టిచ్చింది ఆటుపోట్లు. చంద్రుడి వల్ల 12.42 గంటలకోసారి వచ్చే ఎం2 ఆటుపోటు ప్రవాహం గీసే దీర్ఘవృత్తం ఒకే చోట ఏటేటా దాదాపు ఒకే దిశలో ఉంటుంది. అంతకు ముందటి ఏడాది అదే చోట తీసిన రికార్డుతో పోలిస్తే మా దీర్ఘవృత్తం ఆరు డిగ్రీలు తిరిగి ఉంది. సముద్రం తిరగలేదు, దిక్సూచి తిరిగింది. అందువల్ల మీరు మొదట చేయవలసిన పని ఇదే: పాత రికార్డు ఏదైనా దొరికితే దానితో, లేకుంటే ఆటుపోట్ల నమూనాతో ఎం2 దీర్ఘవృత్తం దిశను పోల్చండి. లోతంతటికీ సగటు తీసిన వేగంతోనే పోల్చండి, ఎందుకంటే అంతర్గత ఆటుపోట్లు పొరపొరకూ దిశ మార్చగలవు.

కోణం అంతా సరిగ్గా ఉన్నదనే అనుకుందాం. మీ అడ్డ వేగం చెదురు సెకనుకు 10 సెంటీమీటర్ల దాకా ఉందని చెప్పారు. షెల్ఫ్ మీద ప్రవాహానికి మూడు రోజుల పాటు జ్ఞాపకం ఉంటుంది. ఈ రోజు కొలత, రేపటి కొలత పూర్తిగా స్వతంత్రమైనవి కావు. 90 రోజుల రికార్డులో స్వతంత్రమైన కొలతలు దాదాపు 30 మాత్రమే. 10ని 30 వర్గమూలంతో భాగిస్తే సగటులో దోషం 1.8 సెంటీమీటర్లు. మీ 3 సెంటీమీటర్ల నుంచి సున్నా రెండు దోషాల దూరంలో కూడా లేదు. ప్రతి పదిహేను నిమిషాలకూ ఒక కొలత ఉంది కదా, వేల బిందువులున్నాయి కదా అని చాలామంది విద్యార్థులు ఇక్కడ పొరబడతారు. బిందువులు పెంచితే సగటు బాగుపడదు, రోజులు పెంచితే బాగుపడుతుంది.

మరో చిన్న పరీక్ష కాగితం మీదే చేయవచ్చు. తీరం గోడ వంటిది, దాని గుండా నీరు రాదు. అన్ని లోతుల్లోనూ నీరు బయటికే పోతుంటే ఆ నీరు తీరం వెంబడి దక్షిణం నుంచి రావాలి. మీ షెల్ఫ్ అడ్డుకోత 40 కిలోమీటర్లు, 60 మీటర్లు. 50 సెంటీమీటర్ల వేగంతో దాని గుండా సెకనుకు 12 లక్షల ఘనపు మీటర్లు ఉత్తరానికి పోతుంది. 100 కిలోమీటర్ల అంచు పొడవునా మీ లెక్క ప్రకారం 3 లక్షలు బయటికి జారిపోవాలి. అంటే ప్రతి 100 కిలోమీటర్లకూ తీర ప్రవాహం పావు వంతు తగ్గుతూ పోవాలి. ప్రవాహం తీరాన్ని విడిచి బయటి సముద్రంలోకి తిరిగే ఒక మలుపు దగ్గర ఇది అసాధ్యం కాదు. తీరమంతటా ఇలాగే జరుగుతుందని చెప్పడం మాత్రం కుదరదు. ఒక్క మూరింగ్ (లంగరుకు కట్టి ఒకే చోట నిలిపిన పరికరాల వరుస) ఇచ్చేది ఒక్క చోటి సంగతి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయానికి వస్తాను. మీ పరికరం అడుగు నుంచి 5 మీటర్ల ఎత్తున, 115 మీటర్ల లోతులో నిలబడి పైకి చూస్తున్నది. దాని శబ్దపు కిరణాలు నిట్టనిలువుకు 20 డిగ్రీల వాలున పోతాయి. అదే సమయంలో పక్కకు కారే బలహీన శబ్దం నేరుగా పైకి పోయి, నీటి ఉపరితలాన్ని తాకి, అసలు ప్రతిధ్వనిని ముంచేస్తుంది. దీని వల్ల దూరంలో పై 6 శాతం పనికిరాదు; మీ విషయంలో అది 7 మీటర్లు, భద్రత కోసం ఒక బిన్ (పరికరం విడివిడిగా కొలిచే ఒక్కో పొర) కూడా వదిలేస్తే దాదాపు 10 మీటర్లు. అడుగున పరికరం ఎత్తు 5 మీటర్లు, దానిపైన శబ్దం వెలువడి చల్లారేదాకా వదిలేసే నాలుగు మీటర్లు, మొదటి బిన్‌లో సగం, అక్కడా పది మీటర్లకు పైనే పోయింది. 120 మీటర్లలో 20 మీటర్లే కదా, ఆరో వంతే కదా అనుకోవడం సహజం. అయితే ఏ ఆరో వంతు పోయిందో చూడండి.

మార్చి నాటికి మన తీరం వెంబడి నైరుతి నుంచి గాలి నిలకడగా వీస్తుంది. సెకనుకు 8 మీటర్ల గాలి నీటి మీద చదరపు మీటరుకు దాదాపు 0.1 న్యూటన్ల రాపిడి పెడుతుంది. విశాఖ అక్షాంశంలో దాని వల్ల గాలికి కుడివైపుకు, అంటే సముద్రం వైపుకు, ప్రతి మీటరు తీరానికీ సెకనుకు 2.2 ఘనపు మీటర్ల నీరు జరగాలి. గాలి రాపిడినీ భూభ్రమణాన్నీ కలిపి వేసే ఎక్మన్ లెక్క ఇది. బంగాళాఖాతంలో మంచి నీటి పొర పలుచగా పైన పరచుకుని ఉండడం వల్ల ఈ కదలిక చాలాసార్లు 20 మీటర్ల లోపే ముగుస్తుంది. అంటే 11 సెంటీమీటర్ల వేగం, అందులో సగం నీరు మీకు కనిపించని 10 మీటర్లలోనే పోతుంది. ఇప్పుడు అడుగు చూడండి. నేల దగ్గర ఉత్తరాభిముఖ ప్రవాహం సెకనుకు 20 సెంటీమీటర్లు ఉందనుకుంటే, నేల రాపిడి కూడా దాదాపు 0.1 న్యూటన్లే అవుతుంది. అడుగు పొరలో నీరు ప్రవాహానికి ఎడమకు జరుగుతుంది. మన తీరంలో ఎడమ అంటే ఒడ్డు వైపు. అక్కడా మీటరుకు సెకనుకు 2.2 ఘనపు మీటర్లే, దిశ మాత్రం ఎదురు. పైన బయటికి, కింద లోపలికి: 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పని చేసిన యూజీన్ లఫాండ్ విశాఖ తీరాన వేసవిలో చల్లని నీరు పైకి రావడాన్ని గమనించి రాసినది ఈ గొలుసులోని భాగమే. మార్పిడి అనే పని జరిగేది ముఖ్యంగా ఈ రెండు పలుచని పొరల్లో. మీ ఏడీసీపీ ఆ రెంటినీ సగం సగం వదిలేసి, మధ్యలో పెద్దగా ఏమీ జరగని 100 మీటర్లను మూడు నెలల పాటు శ్రద్ధగా కొలిచింది.

అడుగు పొర విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. వాలు మీద ఎక్కుతూ వచ్చే చల్లని, బరువైన నీరు తన బరువుతోనే ఆ ప్రవాహాన్ని నేల దగ్గర నెమ్మదింపజేస్తుంది, కొన్ని రోజుల్లో ఎక్మన్ కదలిక దాదాపు ఆగిపోనూ వచ్చు. కాబట్టి 2.2 అన్నది గరిష్ఠంగా భావించండి. ఈ పొరను చూడాలంటే నేల మీదే ఒక చట్రంలో, ఎక్కువ పౌనఃపున్యంతో, అరమీటరు బిన్‌లతో కొలిచే రెండో పరికరం కావాలి. ట్రాలర్ల వలలు తగలకుండా పైన వంగిన కవచం ఉన్న చట్రాలు వాడతారు. మన తీరంలో అది లేకుండా వేసినది మళ్లీ చేతికి వస్తుందని ఆశపడకూడదు.

ఇక నికరం, మార్పిడి అనే మాటల మధ్య తేడా. పైన 2 పోయి కింద 2 వస్తే నికరం సున్నా, మార్పిడి 2. షెల్ఫ్ మీది ఉప్పుకు, నైట్రేటుకు, చేప పిల్లలకు, ఆక్సిజన్‌కు సంబంధించినది ఆ 2 మాత్రమే. పశ్చిమ తీరంలో వానాకాలంలో షెల్ఫ్ మీదికి ఆక్సిజన్ లేని నీరు ఎక్కి రావడం ఇలాంటి మార్పిడి వల్లనే. కనుక వేగం సగటుతో ఆగిపోకూడదు. మీ మూరింగ్‌కు 20, 60, 110 మీటర్ల దగ్గర ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే సెన్సార్లు ఉన్నాయని రాశారు. మీ రికార్డులోని అసలు సంపద అది. వేగంలోని చెదురును లవణీయతలోని చెదురుతో గుణించి సగటు తీయండి. ఉదాహరణకు వేగం చెదురు 10 సెంటీమీటర్లు, లవణీయత చెదురు 0.5, వాటి మధ్య సహసంబంధం 0.2 అనుకుంటే లబ్ధం 0.01 వస్తుంది. షెల్ఫ్ అడ్డంగా 40 కిలోమీటర్లలో లవణీయత 2 మారితే, దానికి సమానమైన వ్యాపన గుణకం, అంటే నీరు ఎంత వేగంగా కలిసిపోతున్నదో చెప్పే అంకె, సెకనుకు 200 చదరపు మీటర్లు. 100 మీటర్ల మందానికి ఇది మీటరుకు సెకనుకు అర ఘనపు మీటరు మార్పిడి. మీ 3తో పోలిస్తే ఆరో వంతు, అయినా ఇది నిజంగా మార్పిడే. వాయువ్య ఐరోపా తీరాన దశాబ్దాలుగా సాగిన కొలతలను కూడగట్టిన జాన్ హత్‌నెన్స్ రచనల్లో కనిపించే స్థాయి కూడా మీటరుకు సెకనుకు 1 ఘనపు మీటరు, అంటే 1,000 కిలోమీటర్ల అంచుకు సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లు, ఒక స్వెర్‌డ్రప్. కోణం తప్పు ఈ లబ్ధం మీద కూడా ప్రభావం చూపుతుంది, తీరం వెంబడి వేగానికీ లవణీయతకూ సంబంధం ఉంటుంది కాబట్టి. సగటు మీద చూపినంతగా మాత్రం కాదు.

ఆటుపోట్లను రికార్డు నుంచి తీసివేసే ఫిల్టర్ తొందరపడి వేయవద్దు. సెకనుకు 10 సెంటీమీటర్ల ఆటుపోటు ప్రవాహం నీటిని 1.4 కిలోమీటర్లు బయటికి తీసుకుపోయి తిరిగి తెస్తుంది. పోయిన నీరే తిరిగి వస్తే మార్పిడి లేదు. బయట ఉన్న ఆరు గంటల్లో పక్క నీటితో కలిసి వస్తే ఉంది. ఆ తేడా వేగంలో కనిపించదు, వచ్చే నీటి లవణీయతలో కనిపిస్తుంది. పార్కర్ మెక్‌క్రెడీ 2011లో నదీముఖాల కోసం చూపిన పద్ధతి ఇక్కడ పనికివస్తుంది: ప్రతి గంట ప్రవాహాన్నీ లోతును బట్టి కాక లవణీయత తరగతిని బట్టి పేర్చి, ఏ తరగతి నీరు నికరంగా బయటికి పోయింది, ఏది లోపలికి వచ్చింది అని చూడడం. పోయి వచ్చిన అదే నీరు అదే తరగతిలో కొట్టివేతకు గురై, మారిన నీరు మాత్రం మిగులుతుంది.

ఉప్పు లెక్క గురించి మీరు అడగకుండానే చెప్పవలసినది ఒకటుంది. మార్టిన్ క్నూడ్‌సెన్ 1900లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందమైనదే. నది నీరు 3,500 ఘనపు మీటర్లు, బయటి లవణీయత 34, షెల్ఫ్ నీటి లవణీయత 32 అని వేశారు. లోపలికి 56,000, బయటికి 59,500 వచ్చాయి. మీ పెట్టె, అంటే 150 కిలోమీటర్ల పొడవున షెల్ఫ్ మీది నీటి, పరిమాణాన్ని 59,500తో భాగిస్తే 70 రోజులు. కానీ 3,500 గోదావరి ఏడాది సగటు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు వచ్చే నీరు బహు స్వల్పం, ఉన్నదంతా కాలువలకే పోతుంది. పది శాతమే వచ్చిందనుకుంటే మీ 70 రోజులు 700 అవుతాయి. లవణీయత తేడా 2కు బదులు 1 అయితే 70 కాస్తా 35 అవుతుంది. ఆ కాలంలో వాన కన్నా ఆవిరి ఎక్కువ, దానిని లెక్కలోకే తీసుకోలేదు. చిన్నదానిని చిన్నదానితో భాగించి వచ్చిన అంకె మీద ఏమీ కట్టలేం.

ఈ పద్ధతిని గోదావరి నిండుగా పారే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాడి చూడండి. అక్టోబరు దాటితే మళ్లీ కుదరదు, ఎందుకంటే అప్పుడు ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగా బ్రహ్మపుత్రల మంచి నీరు దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున తీరాన్ని అంటిపెట్టుకుని దిగివస్తుంది. తీరం వెంబడి మత్స్యకారులు సీసాల్లో పట్టి ఇచ్చిన నీటి నమూనాలతో ఈ సముద్రంలోని నదిని బయటపెట్టిన అధ్యయనం 2014లో వచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన పని అది. ఖరీదైన పరికరాలేవీ తీరానికి అంత దగ్గరగా, అన్ని నెలలు నిలబడలేనప్పుడు పడవల వాళ్లు నిలబడ్డారు. ఆ నీరు పక్కనుంచి వస్తుంటే మీ పెట్టెకు రెండు పక్కలా గోడలు లేనట్టే.

వేగాన్ని కొలవకుండానే మార్పిడిని తెలుసుకోగల మరో దారి రేడియం. నేల మీది మట్టిలో ఉన్న థోరియం నుంచి రేడియం పుడుతుంది, ఉప్పు నీరు తగలగానే మట్టిని వదిలి నీటిలోకి వస్తుంది, ఆ క్షణం నుంచి తన గడియారం ప్రకారం తరుగుతుంది. రేడియం 224 అర్ధజీవిత కాలం 3.66 రోజులు, 223ది 11.4 రోజులు. తీరం నుంచి దూరం పోయేకొద్దీ 224 ఎంత వేగంగా తగ్గుతున్నదో చూస్తే నీరు ఎంత వేగంగా బయటికి కలుస్తున్నదో తెలుస్తుంది. పది కిలోమీటర్లలో అది దాదాపు మూడో వంతుకు, కచ్చితంగా చెప్పాలంటే 37 శాతానికి, తగ్గితే వ్యాపన గుణకం సెకనుకు 220 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది. విలార్డ్ మూర్ 2000లో ఈ పద్ధతిని వివరంగా రాశారు. పని మాత్రం ఒళ్లు వంచి చేయవలసినదే: వందల లీటర్ల నీటిని మాంగనీస్ పూసిన నల్లని దారాల కట్ట గుండా మెల్లగా పంపాలి, ఆ కట్టను కడిగి, తడి సరిగ్గా ఉండేలా పిండి, గడియారం నడుస్తుండగానే లెక్కించే యంత్రం దగ్గరికి చేర్చాలి, కొన్ని వారాల తరువాత అదే కట్టను మళ్లీ లెక్కించి థోరియం నుంచి కొత్తగా పుట్టిన భాగాన్ని తీసివేయాలి. చేతులు రెండు రోజులు నల్లగానే ఉంటాయి. నీరు కలవడం తప్ప నికరంగా బయటికి సాగడం లేదనే ఊహ ఇందులో దాగి ఉంది. వేసవి పై పొరలో ఆ ఊహ నిలవదని పైన చూశాం. అయినా దీని తప్పులు ఏడీసీపీ తప్పులకు సంబంధం లేనివి, అందుకే దీనికి విలువ.

మిగిలిన పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. మచిలీపట్నం, యానాం దగ్గర ఉన్న తీర రాడార్లు మీకు కనిపించని పై పొరను, దాదాపు పైనున్న రెండు మీటర్లను, గంటగంటకూ చూస్తాయి. ఆ సమాచారం హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ద్వారా దొరుకుతుంది. మీ చోటు రెండు రాడార్ల పరిధిలోకీ వస్తుందో లేదో ముందు చూసుకోండి. రెండు స్టేషన్లను కలిపే గీతకు దగ్గరలో రెండూ తీరం వెంబడే చూస్తాయి కాబట్టి అక్కడ అడ్డ వేగం నమ్మకంగా రాదు. ఆర్గో ఫ్లోట్లు వెయ్యి మీటర్ల లోతున విశ్రాంతి తీసుకుంటూ తేలిపోయేవి, షెల్ఫ్ మీదికి రాలేవు, బయటి నీటి లవణీయత ఎంతో చెప్పడానికి మాత్రం వాటిని మించినవి లేవు. నీటి లోపల తమంతట తామే సాగే గ్లైడర్ల సొంత వేగం సెకనుకు 25 సెంటీమీటర్లు. మార్చి నెల తీర ప్రవాహంలో వదిలితే అది మీ గీతను కోయదు, ప్రవాహంతో పాటు ఉత్తరానికి కొట్టుకుపోతుంది. ఉపగ్రహ చిత్రాల్లో షెల్ఫ్ నుంచి బయటికి సాగే పచ్చని దారాలు కనిపిస్తాయి. అవి ఎక్కడ వెతకాలో చెబుతాయి, ఎంతో చెప్పవు.

అంకెల పరిమాణం మనసుకు అందడానికి ఒక పోలిక. పైన చెప్పిన ఎక్మన్ కదలిక 100 కిలోమీటర్ల తీరానికి సెకనుకు 2,20,000 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 78 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో గోదావరి కనీవినీ ఎరుగని రీతిలో పొంగినప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు నమోదైంది. దానికి రెండింతలకు మించిన నీరు, ఒక మామూలు వేసవి గాలికి, పది ఇరవై మీటర్ల మందంలో, ఎవరికీ కనిపించకుండా షెల్ఫ్ దాటుతుంది.

మీ దగ్గర ఉన్న దానితో ఈ క్రమంలో పని చేయండి. ముందు ఎం2 దీర్ఘవృత్తంతో దిక్సూచిని సరిచూడండి. ఆపైన సమలోతు రేఖ దిశతో అక్షాలు తిప్పి, అటూ ఇటూ 5 డిగ్రీల పట్టిక వేయండి. మూడు లోతుల్లో వేగం, లవణీయతల లబ్ధాన్ని లెక్కించి, దాని దోషాన్ని 30 స్వతంత్ర కొలతలతోనే చెప్పండి. పై 10 మీటర్లను ఉపగ్రహ గాలి సమాచారంతో ఎక్మన్ లెక్క వేసి నింపండి, అది కొలత కాదని పటంలోనే వేరే రంగుతో చూపండి. అడుగు పొరకు మీ దగ్గర సాక్ష్యం ఒకటే ఉంది: 110 మీటర్ల సెన్సార్. ఉత్తరాభిముఖ ప్రవాహం బలపడిన ఒకటి రెండు రోజులకు అక్కడ ఉష్ణోగ్రత పడిపోతున్నదా, లవణీయత పెరుగుతున్నదా చూడండి. పడిపోతుంటే వాలు మీది నీరు షెల్ఫ్ ఎక్కుతున్నదని చెప్పడానికి ఆ ఒక్క గీత మీ 3 సెంటీమీటర్ల సగటు కన్నా బలమైన ఆధారం. ఆ గీతను, కోణాల పట్టికను ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.